చెన్నై కాల్షీట్‌కి మావయ్య తప్పెటని వెంట తీసుకెళ్లాలా, ఇక్కడే రికార్డు చేసి ఫైలు పట్టుకెళ్లాలా?

నాగావళి ఒడ్డు అడిగిన ప్రశ్న:

నమస్కారం అండీ. మాది ఆమదాలవలస దగ్గర పల్లె. బడిలో తెలుగు చెబుతాను, పాటలు రాసి బాణీ కట్టుకుంటాను. వచ్చే నెల రెండో శనివారం చెన్నై సాలిగ్రామంలో ఒక స్టూడియోలో నాలుగు గంటల కాల్షీట్ దొరికింది. రెండు వయొలిన్లు, వేణువు, తబలా. నలుగురూ అరవై దాటినవాళ్లు, సినిమా పాటలకి ముప్ఫై నలభై ఏళ్లు వాయించినవాళ్లు. చిన్నప్పుడు విశాఖ ఆకాశవాణిలో పాటలు వింటుంటే పల్లవికీ చరణానికీ నడుమ వచ్చే వయొలిన్ ముక్కలు మాటలకంటే ముందు నాకు నోటికొచ్చేవి. క్యాసెట్ అట్ట మీద రాసినవారి పేరుండేది, పాడినవారి పేరుండేది. వాయించినవాళ్ల పేర్లు ఎంత వెతికినా ఉండేవి కావు. వాళ్లెవరో కనుక్కోడానికే నాకు ఇన్నేళ్లు పట్టింది. మొన్న ఒకాయనతో ఫోన్లో మాట్లాడాల్సి వస్తే గొంతు పెగల్లేదు.

రెండు పాటలున్నాయి. ఒకటి వలస పాట. మా వీధిలో తాళాలు పడ్డ ఇళ్ల గురించి. దానికి ప్రాణం మా చిన్న మావయ్య తప్పెట. ఆయన కుర్రతనం నుంచీ తప్పెటగుళ్ల జట్టులో ఉన్నాడు. ఆయన వాయిస్తే నడక మొదట నింపాదిగా ఉండి, చరణం చివరికొచ్చేసరికి తోసుకొస్తుంది. స్టూడియోలో క్లిక్ పెడతారట కదా, లయ తప్పకుండా చెవిలో టిక్ టిక్ మంటూ ఉండేది. ఇంట్లో ఫోన్‌లో మెట్రోనోమ్ పెట్టి చూశాను. పది నిమిషాలకి తప్పెట మెడలోంచి తీసేసి, "ఇదేటిరా, నా నడక నన్ను నడవనీదా?" అని బయటికెళ్లిపోయాడు.

ఆయన్ని కారులో తీసుకెళ్లాలా? ఇక్కడే రికార్డు చేసి ఫైలు పట్టుకెళ్లడం మేలా? తాతగారి హార్మోనియం కూడా తీసుకెళ్దామని ఉంది. ఎవరైనా అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

సౌండ్ పని చేసే విశాఖ కుర్రాడు:

మాస్టారూ, రెండూ చెయ్యండి. ముందు మావయ్య గారి చేత క్లిక్ లేకుండానే, మీ పాటతో పాటు, ఆయనకి నచ్చినట్టు వాయించి రికార్డు చెయ్యండి. తరువాత ఆ నడకకి క్లిక్‌ని సర్దుతాం. ఏ ఆవర్తం (తాళం ఒక చుట్టు) ఎంత వేగంలో ఉందో కంప్యూటర్‌లో గుర్తు పెట్టుకుంటూ పోవడమే, దాన్ని టెంపో మ్యాప్ అంటారు. క్లిక్ ఆయనతో పాటే తోసుకెళ్తుంది. చెన్నైలో పెద్దవాళ్లు ఆ క్లిక్ వింటూ వాయిస్తారు. పాటకి ముందు రెండు ఖాళీ ఆవర్తాలు ఉంచండి. ఫైళ్లు 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ రకంలో ఇమ్మని రికార్డు చేసేవాళ్లకి చెప్పండి. అన్నీ ఒకే సున్నా క్షణం దగ్గర మొదలవ్వాలి, అప్పుడే ఒకదానితో ఒకటి కలుస్తాయి. రెండు కాపీలు, రెండు వేర్వేరు సంచుల్లో పెట్టుకోండి.

హార్మోనియం మాత్రం జాగ్రత్త. నడిమి స్థాయిలో ఆరో తెల్లమెట్టు నొక్కి, ఫోన్లో ట్యూనర్ పెట్టి చూడండి. 440 చూపాలి, మిగతా వాద్యాల శృతితో కలిసేది అప్పుడే. పాత పెట్టెలు చాలావరకు అక్కడ ఉండవు.

విజయనగరం వయొలిన్, రిటైర్డ్:

బాబూ, నేను మహారాజా సంగీత కళాశాలలో చదువుకున్నాను. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా మొదలైన కాలేజీ, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన కాలేజీ. ఆ పేరు చెప్పుకుని ఇరవై నాలుగో ఏట మద్రాసు వెళ్లాను. వెనక వరసలో కుర్చీ వేశారు. ఎదురుగా స్టాండు మీద ఐదు గీతల కాగితం. నాకు సరిగమలే వచ్చు. ఆ రోజు విల్లు తీగని తాకించకుండా ఊరికే ఆడించి గడిపాను. రాత్రి గదిలో ఏడ్చాను. ఆరు నెలల్లో నేర్చుకున్నాననుకో.

అందుకే చెబుతున్నా. వయొలిన్ల ముక్కలు ఆ ఐదు గీతల స్టాఫ్ నొటేషన్లో రాయించి తీసుకెళ్లు. రాసేవాళ్లు దొరుకుతారు, వాళ్ల కూలి ఇవ్వడానికి వెనకాడకు. బార్‌లకి, అంటే అడ్డగీతల మధ్య గదులకి, నంబర్లు వేయించు. లేకపోతే నాలుగు గంటల్లో ఒక గంట "ఎక్కడి నుంచి?" అనడంతోనే పోతుంది. వేణువు ఆయనకి శృతి ముందే చెప్పు. ఒకటిన్నర అంటే సి షార్ప్ అని రెండు విధాలా రాయి. వెదురు వేణువుని బిగించి శృతి చేసుకోలేరు కదా, ఆ శృతికి తగ్గ వేణువే తెచ్చుకోవాలి.

ఇంకొకటి. 2012లో కాపీరైట్ చట్టం మార్చినప్పుడు, వాయించినవాడిగా తన పేరు చెప్పించుకునే హక్కు కళాకారుడికి వచ్చింది. మాకు అది చాలా ఆలస్యంగా వచ్చింది. నువ్వు మరిచిపోకు.

బొబ్బిలి నుంచి:

నేను కారులో వీణ పట్టుకుని వెళ్లాను. ఒంగోలు దగ్గర భోజనానికి ఆగి గంట సేపు ఎండలో వదిలేశాం. మెట్ల కింద మైనం మెత్తబడిపోయింది. భోజనానికి దిగినా వాద్యాన్ని మీతో పాటే లోపలికి తీసుకెళ్లండి.

నాగావళి ఒడ్డు, తిరిగొచ్చాక:

అందరికీ దండం. మీరు చెప్పినట్టే చేశాను. తాతగారి పెట్టె 447 చూపింది. వాయించేవాళ్లు వింటూ అనుసరించే గైడ్ ట్రాక్ మొత్తం దాంతోనే పాడి ఉన్నాను, మళ్లీ కీబోర్డుతో పాడాల్సి వచ్చింది. ముందే చూసుకోకపోతే వేణువు దగ్గర పరువు పోయేది.

బడికి రెండు రోజులు సెలవు పెట్టి గురువారం తెల్లారుజామున బయల్దేరాం. నాతవలస టోల్ గేటు దాటేసరికి ఇంకా చీకటే. దాదాపు తొమ్మిది వందల కిలోమీటర్లు కదా, రాత్రికి విజయవాడలో పడుకున్నాం. మావయ్య ఇదివరకు మూడుసార్లు చెన్నై వెళ్లాడు, శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో జనరల్ పెట్టె ఎక్కి, బిల్డింగ్ పనులకి. ఈసారి ముందు సీట్లో కూర్చుని, ఒళ్లో తప్పెట పెట్టుకుని, దారి పొడుగునా దాని మీంచి చెయ్యి తియ్యలేదు.

స్టూడియోలో పెద్ద వయొలిన్ ఆయన ఫైలు రెండుసార్లు విన్నారు. విల్లు ముట్టుకోలేదు. "వాయించిందెవరు?" అన్నారు. మావయ్య వెనక బల్ల మీద ఉన్నాడు, లేచి నిలబడ్డాడు. పెద్దాయన మావయ్య దగ్గరికెళ్లి, "మీ ఎదురుగా ఒక్కసారి వింటాను" అన్నారు. మావయ్య క్లిక్ లేకుండా పాట మొత్తం వాయించాడు. అది అయ్యాక తబలా ఆయన తన పెట్టె మూసేసి, "మొదటి చరణంలో నేను వద్దు, ఈయన చాలు" అన్నారు. వయొలిన్ ఆయన పెన్సిలుతో నేను రాయించుకెళ్లిన ముక్కలో నాలుగు బార్‌లు కొట్టేశారు. ఆ చోట "తాళం" అన్న మాట వస్తుంది. ఆ మాట వినపడాలన్నారు. తెలుగు అంతంత మాత్రమే వచ్చిన మనిషి! నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

ఆ ఒక్క పాటకే మూడు గంటలు పట్టింది. రెండో దానికి వేణువు, తబలా మాత్రమే అయ్యాయి. వయొలిన్లకి మళ్లీ డబ్బులు కూడబెట్టుకోవాలి.

నలుగురి పేర్లూ వాళ్ల చేతనే నోటు పుస్తకంలో రాయించుకొచ్చాను. రెండు తమిళంలో ఉన్నాయి. తమిళం చదవడం వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఆ పేజీ ఫోటో పంపుతాను. పాట బయటికొచ్చేటప్పుడు మావయ్య పేరు పక్కన ఆ నాలుగు పేర్లూ ఉండాలి, ఒక్క అక్షరం కూడా తప్పు పోకూడదు.