వెండి పూసిన రాగి రేకు: ఎథిలీన్ పెరగాల్సింది పోయి తగ్గింది, ఎందుకు?

రాగిరేకు:
కార్బన్ డయాక్సైడ్ రిడక్షన్ కోసం రాగి–వెండి ఎలక్ట్రోడ్ చేస్తున్నాను. వెండి మీద పుట్టే కార్బన్ మోనాక్సైడ్ పక్కనున్న రాగి మీదికి చేరి, అక్కడ రెండేసి కార్బన్లు జతకట్టి ఎథిలీన్ పెరుగుతుందన్నది నా లెక్క. జరుగుతున్నది వేరే.

రేకు 99.99% రాగి, 1 చ.సెం.మీ. 85% ఫాస్ఫారిక్ ఆమ్లంలో 2.1 వోల్టుల దగ్గర 5 నిమిషాలు ఎలక్ట్రోపాలిష్ చేశాక, 10 మి.లీ. సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో (1 మిల్లీమోలార్) 2 నిమిషాలు ముంచి, కడిగి బిగించాను. హెచ్-సెల్ (రెండు గదుల సెల్), గదుల మధ్య నాఫియాన్ పొర (అయాన్లను పోనిచ్చే తెర), ఏఆర్ గ్రేడ్ పొటాషియం బైకార్బొనేట్ 0.1 మోలార్, ప్లాటినం తీగ కౌంటర్, సిల్వర్/సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్. గ్యాస్ నిమిషానికి 20 మి.లీ. పొటెన్షియల్ ఆర్‌హెచ్‌ఈ (రివర్సిబుల్ హైడ్రోజన్ ఎలక్ట్రోడ్) మీద −1.0 వోల్ట్, ఐఆర్ (ద్రావణ నిరోధం వల్ల పోయే వోల్టేజీ) 85% సరిచేశాను.

ఉత్త రాగి మీద ఎథిలీన్ ఫారడేయిక్ ఎఫిషియెన్సీ (మొత్తం కరెంటులో ఆ ఉత్పత్తికి పోయిన వాటా) 28%. వెండి పూశాక మొదటి జీసీ (గ్యాస్ క్రొమటోగ్రాఫ్) ఇంజెక్షన్‌లోనే 11%, కార్బన్ మోనాక్సైడ్ 40%. హైడ్రోజన్ మొదట్లో 24%, గంట తిరిగేసరికి 41%. ఈడీఎక్స్‌లో (ఎక్స్-రేలతో మూలకాల శాతం చూసే పరీక్ష) వెండి 2 శాతమే. అంత కాస్త వెండి ఇంత పని చేస్తుందా?

పల్చటిపూత:
ఆ 2 శాతాన్ని చూసి మోసపోకండి. 15–20 కిలోవోల్టుల దగ్గర ఈడీఎక్స్ దాదాపు ఒక మైక్రాన్ లోతు దాకా చూస్తుంది, అడుగునున్న రాగినంతా కలిపి శాతం కడుతుంది. మైక్రాన్‌లో 2 శాతం వెండి, అంతా పైనే ఉందనుకుంటే, స్థూలంగా 20 నానోమీటర్ల మందం. రియాక్షన్‌కు కావలసింది పైన ఒకటి రెండు అణుపొరలే. ఎక్స్‌పీఎస్ (ఉపరితలాన్ని చూసే ఎక్స్-రే పరీక్ష) చేయించండి, అది కొద్ది నానోమీటర్లే చూస్తుంది, అసలు సంగతి బయటపడుతుంది.

మోతాదు లెక్క కూడా చూడండి. చదునైన 1 చ.సెం.మీ. మీద ఒక అణుపొర వెండి పరవడానికి 2.3 నానోమోల్ చాలు. మీ బీకరులో ఉన్నది 10,000 నానోమోల్, అంటే నాలుగు వేల పొరలకు పైగా. ఒక రాగి అణువు కరిగితే రెండు వెండి అణువులు దిగుతాయి, పైగా వోల్టేజీ తేడా 0.46 వోల్టులు, కాబట్టి రియాక్షన్ తనంతట తాను ఆగదు. మీరు రేకు బయటికి తీస్తేనే ఆగుతుంది. మొదటి ఇంజెక్షన్‌లోనే కార్బన్ మోనాక్సైడ్ 40% వచ్చిందంటే అక్కడ పని చేస్తున్నది ఎక్కువగా వెండే. పుట్టిన మోనాక్సైడ్ దిగడానికి రాగి ఖాళీ లేదు, బుడగల్లో వెళ్లిపోతోంది.

సిల్వర్ నైట్రేట్‌ను 5 మైక్రోమోలార్‌కు దించండి. 10 మి.లీ.లో 50 నానోమోల్, ఉన్నదంతా దిగినా 22 పొరలకు మించదు. అది కూడా పరుచుకోకుండా దీవుల్లా మొలుస్తుంది, మనకు కావలసిందీ అదే. రేకు వెనక వైపుకు, అంచులకు కాప్టన్ టేప్ వేయండి, లేకపోతే సగం వెండి అక్కడికే పోతుంది. ద్రావణంలో ముందే ఆర్గాన్ పంపండి. ఆక్సిజన్ ఉంటే రాగి విడిగా కూడా తుప్పు పడుతుంది. పాలిష్ అయిన రేకును గాల్లో ఆరబెట్టకుండా తడిగానే ముంచాలి, ఆక్సైడ్ ఉన్నచోట పూత మచ్చలు మచ్చలుగా వస్తుంది. ద్రావణం ఏ మాత్రం పాలలా మసకబారినా పారబోయండి, నీళ్లలో క్లోరైడ్ ఉందన్నమాట.

30 సెకన్లు, 1, 2, 5 నిమిషాలు, ఇలా నాలుగు రేకులు చేసి ఎస్ఈఎమ్‌లో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) బ్యాక్‌స్కాటర్ మోడ్‌లో చూడండి. వెండి తెల్లగా, రాగి ముదురుగా కనిపిస్తాయి. చుక్కల మధ్య రాగి నేల బాగా కనిపించే రేకునే సెల్‌లో పెట్టండి.

తుప్పుపట్టదు:
పైన చెప్పింది మోనాక్సైడ్ వరకు సరే. కానీ హైడ్రోజన్ 24 నుంచి 41కి పాకడానికి వెండి కారణం కాదండి. వెండి ఎక్కువైతే ఆ తేడా మొదటి ఇంజెక్షన్ నుంచే ఉండాలి. గంటలో మెల్లగా ఎక్కుతోందంటే ఏదో లోహం వచ్చి కాథోడ్ మీద కూర్చుంటోంది.

మొదటి అనుమానం బైకార్బొనేటే. 0.1 మోలార్ అంటే లీటరుకు 10 గ్రాములు. ఉప్పులో ఇనుము 1 పీపీఎం ఉన్నా 30 మి.లీ. ఎలక్ట్రోలైట్‌లో 0.3 మైక్రోగ్రాములు, అంటే 5.4 నానోమోల్. చదునైన 1 చ.సెం.మీ. రాగి మీద రెండు పొరలకు అది సరిపోతుంది. ఏఆర్ గ్రేడ్ అని డబ్బా మీద ఉన్నంత మాత్రాన ఈ ముప్పు తొలగిపోదు. 1980లలో రాగి మీద మీథేన్, ఎథిలీన్ వస్తాయని చూపించిన జపాన్ శాస్త్రవేత్త యోషియో హోరీయే, రాగి ఇలా మొండికేయడానికి ఎలక్ట్రోలైట్ మలినాలు కారణమని తర్వాత చూపించాడు. చెలెక్స్ రెజిన్‌తో (లోహ అయాన్లను పట్టేసేది) శుద్ధి చేయండి, లేదా వాడిపారేసే వేరే ఎలక్ట్రోడ్ పెట్టి చిన్న కరెంటుతో రాత్రంతా ప్రీ-ఎలక్ట్రాలిసిస్ నడపండి.

రెండోది ప్లాటినం తీగ. ఆనోడ్‌గా కొద్దికొద్దిగా కరుగుతుంది, నాఫియాన్ దాన్ని పూర్తిగా ఆపుతుందన్న ధీమా వద్దు. ప్లాటినం పిసరంత దిగినా హైడ్రోజన్ పొంగుతుంది. గ్రాఫైట్ కడ్డీ పెట్టి చూడండి. కడ్డీ కూడా ఆక్సీకరణ చెంది గ్యాస్ వదులుతుంది కాబట్టి ఆ గది గ్యాస్ జీసీకి వెళ్లకూడదు.

మూడోది ఎవరూ పట్టించుకోనిది: రిఫరెన్స్. సాచురేటెడ్ కేసీఎల్‌లో సిల్వర్ క్లోరైడ్ కొంత కరిగే ఉంటుంది. ఫ్రిట్ (రిఫరెన్స్ కొనలోని సన్న రంధ్రాల బిరడా) కారితే మీ ఉత్త రాగి కంట్రోల్‌కు కూడా వెండి అంటుతుంది, అప్పుడు దేన్ని దేనితో పోలుస్తారు? మధ్యలో ఇంకో ద్రావణం గది ఉండే డబుల్ జంక్షన్ రిఫరెన్స్ వాడండి.

రిఫరెన్స్ రీడింగ్‌ను ఆర్‌హెచ్‌ఈకి మార్చడానికి ఏ పీహెచ్ వేశారో కూడా చూసుకోండి. గ్యాస్ నింపాక 6.8 ఉంటుంది, 0.197 + 0.059 × 6.8 = 0.598. తాజా ద్రావణం 8.3 వేసి ఉంటే దాదాపు 90 మిల్లీవోల్టుల తేడా వస్తుంది. ఎథిలీన్‌కు అది చిన్న తేడా కాదు.

రాగిరేకు:
6.8తోనే మార్చాను. కౌంటర్, రిఫరెన్స్ రెండూ మారుస్తాను. లిక్విడ్ ఉత్పత్తులు ఇంకా కొలవలేదు. ఇంతకీ వెండి కాకుండా టిన్ గానీ జింక్ గానీ ఎంచుకుంటే మేలా?

ద్రవాలలెక్క:
లిక్విడ్లు కొలవకుండా లోహం మార్చకండి. రాగి–వెండిలో చాలాసార్లు పెరిగేది ఎథిలీన్ కాదు. ఎథనాల్, అసిటాల్డిహైడ్, అసిటేట్. జీసీలో గ్యాస్ మాత్రమే చూస్తే బాగా పనిచేసే రేకును కూడా చెత్తబుట్టలో వేస్తాం. ఎలక్ట్రోలైట్‌లో కొంత డీ2ఓ (భారజలం) కలిపి, నీటి సిగ్నల్ అణచి ప్రోటాన్ ఎన్‌ఎంఆర్ తీయండి. ఇంటర్నల్ స్టాండర్డ్‌గా (పోల్చడానికి తెలిసిన మోతాదులో కలిపేది) డీఎంఎస్‌ఓ, ఫినాల్ రెండూ వేయండి: ఫార్మేట్ పీక్ 8.4 పీపీఎం దగ్గర వస్తుంది, నీటి పీక్‌కు అటువైపు ఉన్న దాన్ని ఫినాల్‌తోనే పోల్చాలి. అసిటాల్డిహైడ్ తేలిగ్గా ఆవిరవుతుంది, శాంపిల్ తీయగానే మూతపెట్టి చల్లగా ఉంచండి.

టిన్ సంగతంటారా, రాగి మీద పల్చగా ఉంటే మోనాక్సైడ్ వైపు, మందమైతే ఫార్మేట్ వైపు లాగుతుంది. మీకు కావలసింది ఎథిలీన్ అయితే అది దారి కాదు. ఇండియం కూడా మోనాక్సైడ్‌కే. జింక్ వెండిలాగే మోనాక్సైడ్ సరఫరా చేస్తుంది, ఎథనాల్ కోసం వాడేవాళ్లున్నారు. కానీ గాల్లో, ఎలక్ట్రోలైట్‌లో తొందరగా ఆక్సైడ్ అవుతుంది, రన్‌కు ముందూ తర్వాతా ఎంత మిగిలిందో కొలవకపోతే ఫలితం అర్థం కాదు. పల్లేడియంతో అణువులు వరసగా కలిసిన మిశ్రమం కంటే రాగి ఒకచోట, పల్లేడియం ఒకచోట విడిగా ఉన్నదే రెండు కార్బన్ల ఉత్పత్తులు ఎక్కువిచ్చింది. రాగి–వెండి ఎలాగూ సాధారణ ఉష్ణోగ్రతల్లో కలవవు, ఆ విషయంలో మీ ఎంపిక సరైనదే.

గ్యాస్ లెక్క ఒకసారి సరిచూడండి. 25 డిగ్రీల దగ్గర కొలిచిన 20 మి.లీ. ప్రవాహంలో 1000 పీపీఎం ఎథిలీన్ అంటే 12 ఎలక్ట్రాన్ల లెక్కన 15.8 మిల్లీయాంప్, హైడ్రోజన్, మోనాక్సైడ్‌లకు 2 ఎలక్ట్రాన్లే కాబట్టి 2.6. మీ 20 మాస్ ఫ్లో కంట్రోలర్ మీద కనిపించే అంకె అయితే, చాలా కంట్రోలర్లు 0 డిగ్రీల ఘనపరిమాణం చూపిస్తాయి, అప్పుడదే ఎథిలీన్ 17.2 అవుతుంది. ఒక్క దీంతోనే అన్ని శాతాలూ 9 శాతం అటూఇటూ అవుతాయి. పైగా బైకార్బొనేట్‌లోకీ ఉత్పత్తుల్లోకీ కొంత గ్యాస్ పోతుంది కాబట్టి సెల్‌లోకి వెళ్లేది కాదు, బయటికొచ్చేది కొలవాలి. సబ్బు బుడగ ఫ్లోమీటర్‌ను సెల్ తర్వాత, జీసీకి ముందు తగిలించి కరెంటు నడుస్తుండగానే రీడింగ్ తీసుకోండి.