జే-1 వీసా మీద ఉన్న నెఫ్రాలజీ ఫెలోకు కే అవార్డు దారి ఉందా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా, పలాస పక్కన ఊరు. ఎంబీబీఎస్ విశాఖలో, రెసిడెన్సీ అమెరికాలో చేశాను. ఇప్పుడు నెఫ్రాలజీ (కిడ్నీ వైద్యం) ఫెలోషిప్ మొదటి ఏడాదిలో ఉన్నాను, ట్రైనింగ్‌కి వచ్చే డాక్టర్లకు ఇచ్చే జే-1 వీసా మీద. కారణం తెలియని కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మా ఉద్దానం ప్రాంతంలో డయాలిసిస్ కోసం బస్సులు పట్టుకుని తిరిగేవాళ్లను చిన్నప్పటి నుంచీ చూశాను. మా పెదనాన్న అలాగే పోయారు. ఆ జబ్బుకు కారణం వెతికే పనిలో ఉండాలన్నది నా కోరిక.

మా బ్యాచ్‌లో ఇద్దరమ్మాయిలం రీసెర్చ్ అడిగాం. రెండో అమ్మాయిని ఎన్ఐహెచ్ (అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) ఇచ్చే టీ32 ట్రైనింగ్ గ్రాంట్‌లోకి తీసుకున్నారు. నాకు వీసా వల్ల కుదరదన్నారు. మా మెంటర్ మాత్రం "కే23కి రాయి" అంటున్నారు, అది రీసెర్చ్‌లోకి వచ్చే డాక్టర్లకు ఎన్ఐహెచ్ ఇచ్చే కే అవార్డుల్లో ఒకటి. నాకు అది వస్తుందా? వస్తే నిజంగా ఏం మారుతుంది? నైట్ కాల్స్‌లో కూడా ఇదే టెన్షన్.

జవాబు: కే23 పూర్తి చేసిన డాక్టర్

ముందు ఒక చేదు మాట చెప్పేస్తానమ్మా. కే23కైనా, దానిలాంటి కే08కైనా అవార్డు ఇచ్చే నాటికి నువ్వు అమెరికా పౌరురాలివి అయి ఉండాలి, లేదా గ్రీన్ కార్డు ఉండాలి. దరఖాస్తు రోజుకు లేకపోయినా పర్వాలేదు. కానీ ఇండియాలో పుట్టినవాళ్లకు ఈబీ-2 (పై చదువులున్నవాళ్ల గ్రీన్ కార్డు) లైను పదేళ్లు దాటింది. పైగా నీకు జే-1 రెండేళ్ల నియమం ఉంది, అంటే ట్రైనింగ్ అయ్యాక సొంత దేశంలో రెండేళ్లు ఉండాలి. అది తీరేదాకా, లేదా మాఫీ అయ్యేదాకా, గ్రీన్ కార్డు ఊసే ఉండదు.

మాఫీకి ఎక్కువమంది వెళ్లేది కాన్రాడ్ అనే పథకం దారిలో. రాష్ట్రానికి ఏడాదికి 30 సీట్లు. డాక్టర్లు తక్కువున్న చోట మూడేళ్లు, వారానికి 40 గంటలు రోగులను చూడాలి. కే23 ఏమో నీ సమయంలో 75 శాతం రీసెర్చ్‌కే ఇవ్వమంటుంది. రెండూ ఒకే వారంలో పట్టవు. అమెరికా ఆరోగ్య శాఖ ద్వారా రీసెర్చ్ మీద ఇచ్చే మాఫీ కూడా ఒకటుంది, దాని గురించి ఇమిగ్రేషన్ లాయర్‌ను తప్పకుండా అడుగు.

ఇక ఏం మారుతుందంటావా? నాకు జీతం పెరగలేదు. ఎన్ఐహెచ్ ఇచ్చే జీతానికి పరిమితి ఉంటుంది, మిగతాది డిపార్ట్‌మెంట్ కలపాలి. నాకు దక్కింది సమయం. అంతకుముందు వారంలో ఆరు పూటలు క్లినిక్, డేటా ముందు కూర్చునేది ఆదివారం రాత్రి పిల్లలు పడుకున్నాక. అవార్డు మొదలైన తొలి సోమవారం పొద్దున తొమ్మిదింటికి కూర్చుని మూడింటిదాకా ఒకే షీటు చూశాను. పేజర్ మోగలేదు. రెండు ల్యాబ్‌లు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్‌ను రెండు పద్ధతుల్లో కొలిచాయని ఆ రోజే కనిపెట్టాను. ఏడాదిగా తప్పు గ్రాఫ్ గీస్తూ వచ్చాను! ఆరు గంటలు వరసగా దొరక్కపోతే అది ఎప్పటికీ బయటపడేది కాదు.

ఆ సమయాన్ని కాపాడుకోవడం ఇంకో యుద్ధం. నేను మొదట పనిచేసిన చోట "ఈ ఒక్క వారం" అంటూ క్లినిక్‌లు పెంచుతూ పోయారు. అప్పుడు నోరు మెదపనందుకు ఇప్పటికీ బాధపడతాను. ఎక్కడ చేరినా 75 శాతం అన్న మాట ఆఫర్ లెటర్‌లో రాయించుకో.

నువ్వు ఆడపిల్లవి కాబట్టి ఇంకో మాట. కే అవార్డు వచ్చినవాళ్లలో పదేళ్లలోపు ఆర్01, అంటే సొంత పెద్ద గ్రాంట్, తెచ్చుకున్నవాళ్లు మగవాళ్లలో సుమారు 46 శాతం, ఆడవాళ్లలో 36 శాతం అని 2009లో ఒక అధ్యయనం తేల్చింది. అందరూ అప్పటికే పోటీలో గెలిచినవాళ్లే, అయినా ఈ తేడా. కాబట్టి అవార్డుతోనే దారి పూర్తవుతుందని అనుకోకు. మొదటి ఏడాది నుంచే ఆర్01కి కావలసిన డేటా పోగుచెయ్యి.

జవాబు: కే99 మీద ఉన్న పీహెచ్‌డీ

డాక్టర్ గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను అక్కా. కే99 కూడా ఎన్ఐహెచ్ అవార్డే, పోస్ట్‌డాక్‌లకు ఇస్తారు, దానికి గ్రీన్ కార్డు అక్కర్లేదు. నేను రాసింది వీసా మీదే. రెండేళ్ల వరకు మెంటర్ దగ్గర, ఆ తర్వాత ఫ్యాకల్టీ ఉద్యోగం దొరికితే మూడేళ్ల వరకు ఆర్00 అనే రెండో భాగం డబ్బు మీ వెంట వస్తుంది. పోస్ట్‌డాక్ రీసెర్చ్ అనుభవం నాలుగేళ్లు దాటకూడదు. రెసిడెన్సీ లాంటి క్లినికల్ ట్రైనింగ్ అందులోకి రాదు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కెరీర్ డెవలప్‌మెంట్ అవార్డు కూడా కొన్ని రకాల వీసాలున్నవాళ్లకు ఇస్తారు. మూడేళ్లు. కిడ్నీ, బీపీ, గుండె కలిసే ప్రశ్న అయితే బాగా సరిపోతుంది.

నా మొదటి దరఖాస్తును రివ్యూ మీటింగ్‌లో చర్చకే తీసుకోలేదు. "ఇందులో మెంటర్ పని ఎంత, అభ్యర్థి పని ఎంత?" అని ఒకరు రాశారు. చదివి కుంగిపోయాను, కానీ న్యాయమైన ప్రశ్న. పన్నెండు పేజీల్లో మీ గురించీ రాయాలి, రీసెర్చ్ గురించీ రాయాలి. నేను పదకొండు పేజీలు మా సార్ ప్రోటీన్ గురించే రాశాను. సరిదిద్ది మళ్లీ పంపే అవకాశం ఒకసారి ఉంటుంది, నాకు అప్పుడే వచ్చింది.

జవాబు: హైదరాబాద్ నుంచి

డాక్టర్ గారూ, మీ ప్రశ్న ఉద్దానం గురించైతే ఇటువైపు కూడా చూడండి. ఇండియా అలయన్స్ ఆఫీసు మా ఊళ్లోనే ఉంది. బయోటెక్నాలజీ శాఖ, వెల్‌కమ్ ట్రస్ట్ కలిసి 2008లో పెట్టిన సంస్థ. డాక్టర్లకూ ప్రజారోగ్యం వాళ్లకూ విడిగా ఫెలోషిప్పులు ఇస్తారు. విదేశాల నుంచి తిరిగొచ్చేవాళ్లకు రామలింగస్వామి ఫెలోషిప్ ఉంది. ఆ పేరు మీ జిల్లా మనిషిదే. విశాఖలో చదివి, ఆక్స్‌ఫర్డ్‌లో డాక్టరేట్ చేసి వచ్చి, కాంగ్రా లోయలో అయోడిన్ ఉప్పుతో గాయిటర్ (మెడ వాపు) తగ్గుతుందని ఊళ్లలోనే చూపించినాయన. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. రోగులూ నీళ్లూ మట్టీ అన్నీ అక్కడే ఉన్నాయి. రెండేళ్లు ఇక్కడ ఉంటే జే-1 నియమం కూడా దానంతటదే తీరిపోతుంది. ఇక్కడ ఆసుపత్రి పని మీద పడిపోతుంది, అది నిజం. ఫెలోషిప్ చేతిలో ఉంటే "ఈ సమయం నాది" అనగలుగుతారు. ఉత్త చేతులతో రావొద్దు.

ప్రశ్న అడిగిన డాక్టర్

ఎవరూ నాకు ఇంత విడమరిచి చెప్పలేదు. చాలా థాంక్స్. కే23 మాట పక్కన పెడుతున్నాను. సోమవారం లాయర్‌తో మాట్లాడతాను. మెంటర్ దగ్గర డేటా అంతా ఒహాయో రోగులది. అందులో షుగరూ బీపీ లేకుండా కిడ్నీ పోయినవాళ్లు ఎందరో ఈ ఆదివారం లెక్క తీస్తాను. ఆ ప్రశ్నతోనే ఒక పేజీ రాసి ఇక్కడ పెడతాను, దయచేసి చదివి చెప్పండి.