ఎంసీఎఫ్-7 కణాలకు ఇథనాల్: మోతాదుకీ కంట్రోల్‌కీ తేడా రావట్లేదు

పెట్రిడిష్ (ప్రశ్న):
96 వెల్ (చిన్న గుంటల) ప్లేటులో ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ కణాలకు 25, 50, 100 మిల్లీమోలార్ ఇథనాల్ ఇచ్చి, 48 గంటలకు ఎంటీటీ (బతికున్న కణాలను రంగుతో అంచనా వేసే పరీక్ష) రీడింగ్ తీస్తున్నాను. మద్యం రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచుతుందంటే కణాలు ఎక్కువ పెరగాలి కదా? కంట్రోల్‌తో తేడాయే లేదు. కంట్రోల్ వెల్స్ అదే ప్లేటులో పక్క వరుసలో ఉన్నాయి. మీడియా (కణాలను పెంచే ద్రవం) మామూలు డీఎంఈఎం, 10 శాతం ఎఫ్‌బీఎస్ (దూడ పిండం సీరం).

కణవిద్య:
పక్క వరుస అన్నారు చూడండి, అక్కడే దొరికింది. 37 డిగ్రీల్లో ఇథనాల్ పెట్టినచోట ఉండదు. ఆవిరై పక్క వెల్స్‌లో కరుగుతుంది. తెల్లారేసరికి మీ కంట్రోల్‌లోనూ కొంత చేరి ఉంటుంది.

ఒక్కో మోతాదుకు ఒక్కో ప్లేటు వాడండి. ప్లేటును గట్టిగా మూతపడే డబ్బాలో పెట్టి, అడుగున అదే గాఢతలో ఇథనాల్ కలిపిన నీళ్లు పోయండి. కంట్రోల్ డబ్బాలో ఒట్టి నీళ్లు. మూసేముందు 5 శాతం కార్బన్ డయాక్సైడ్ నింపాలి, లేదంటే బైకార్బనేట్ మీడియా పీహెచ్ పెరిగిపోతుంది. మీడియా రోజూ మార్చండి. లెక్క: 10 మిల్లీలీటర్లలో 25 మిల్లీమోలార్ కావాలంటే అబ్సల్యూట్ ఇథనాల్ 14.6 మైక్రోలీటర్లు. డీనేచర్డ్ స్పిరిట్ (విషం కలిపినది) మాత్రం వద్దు.

రెండోది మీడియా. మీడియాలో పీహెచ్ చూపే రంగు ఫినాల్ రెడ్‌కి కొద్దిగా ఈస్ట్రోజన్ గుణం ఉంది, సీరంలో అసలు ఈస్ట్రోజనే ఉంది. ఎంసీఎఫ్-7 ఈఆర్ పాజిటివ్, అంటే ఈస్ట్రోజన్ గ్రాహకం (ఈఆర్) ఉన్న కణాలు. ముందే మేపిన కణాల్లో కొత్త పెరుగుదల ఏం కనిపిస్తుంది? ఫినాల్ రెడ్ లేని మీడియా, చార్‌కోల్‌తో హార్మోన్లు తీసేసిన సీరంలో రెండు మూడు రోజులు ఉంచి అప్పుడు మొదలుపెట్టండి. ఫినాల్ రెడ్ లేకపోతే రంగు చూసి పీహెచ్ చెప్పలేరు, కొలుచుకోవాలి. పెరుగుదల వస్తే ఈఆర్‌ను అడ్డుకునే మందు ఫుల్వెస్ట్రాంట్ 100 నానోమోలార్ కలిపి చూడండి. ఆగిపోతే దారి ఈఆర్ మీదుగానే.

సూక్ష్మదర్శిని:
ఎంటీటీ లెక్కపెట్టేది కణాలను కాదు, వాటి రెడక్షన్ శక్తిని. ఇథనాల్ ఆక్సీకరణలో ఎన్ఏడీహెచ్ అనే రెడక్షన్ చేసే అణువు పుడుతుంది కాబట్టి ఆ రీడింగ్‌ను నేను నమ్మను. చచ్చిన కణాలకే పట్టే రంగు ట్రైపాన్ బ్లూతో లెక్కపెట్టండి.

100 మిల్లీమోలార్ అంటే 100 మిల్లీలీటర్లకు 460 మిల్లీగ్రాములు, రక్తంలో అంతుంటే ప్రాణం పోగల స్థాయి. మన దేశంలో డ్రైవింగ్ పరిమితి 30, అంటే 6.5 మిల్లీమోలార్. అక్కడి నుంచి మొదలుపెట్టండి.

ఇంకో మాట. ముప్పు పెరగడం, డిష్‌లో కణాలు వేగంగా పెరగడం ఒకటి కావు. ఒంట్లో ఇథనాల్ ఎసిటాల్డిహైడ్‌గా మారి డీఎన్ఏకు అతుక్కుంటుంది, రక్తంలో ఈస్ట్రోజన్ స్థాయి పెరుగుతుంది. రెండు రోజుల ప్లేటులో ఇవేవీ కనబడవు. కణాల వలస, చొరబాటు చూడాలంటే హెచ్ఈఆర్2 (పెరుగుదల సంకేతాలిచ్చే గ్రాహకం) ఎక్కువున్న బీటీ-474 లాంటి కణాలు నయం. గీత గీసి చూసే పరీక్షలో మైటోమైసిన్-సీ వేసి విభజన ఆపకపోతే గీత పూడింది వలసవల్లో పెరుగుదలవల్లో తేలదు.

పెట్రిడిష్:
పాజిటివ్ కంట్రోల్‌గా (పెరుగుదల కచ్చితంగా రావాల్సిన పోలికగా) ఈస్ట్రడయాల్ అనే ఈస్ట్రోజన్ వాడదామనుకుంటున్నాను. స్టాక్ ఇథనాల్‌లోనే ఉంది, మీడియాలో చివరికి 0.1 శాతం. పర్లేదా?

కణవిద్య:
0.1 శాతం అంటే 17 మిల్లీమోలార్ అండీ! మీరు పరీక్షించబోయే మోతాదంత ఇథనాల్ వెహికల్‌లోనే (స్టాక్ కరిగించిన ద్రావకంలోనే) ఉంది. స్టాక్ డీఎంఎస్ఓ అనే వేరే ద్రావకంలో మళ్లీ చేసుకోండి. అన్ని వెల్స్‌కూ అంతే డీఎంఎస్ఓ పడాలి, 0.1 శాతం దాటనివ్వకండి.