‘పాచిక’ అని పేరు పెడితే పాచిపోతుందా?

అందరికీ నమస్కారం. లోగోలు గీయడం నా పని. ఇప్పుడు చేతిలో ఉన్నది ఒక ఆటల దుకాణం. వీడియో గేములు కాదు, నలుగురు బల్ల చుట్టూ కూర్చుని మాంత్రికులు, రాక్షసులు, నిధులు అంటూ ఆడే ఆటలు. 1974లో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ వచ్చాక పుంజుకున్న వరస. పేరు తెలుగులోనే ఉండాలని యజమానురాలి పట్టు. నేను ‘పాచిక’ అన్నాను, ఆవిడ సరే అన్నారు. ఆ రాత్రి నాకే టెన్షన్ మొదలైంది.

‘వాడి పాచిక పారింది’ అంటే ఎవరినో బుట్టలో వేశాడనే కదా. శకుని తప్ప ఇంకెవరూ గుర్తురారు. అంతకంటే పెద్ద భయం, బోర్డు ఇరుకై పేరు విరిగితే పైన ‘పాచి’, కింద ‘క’ మిగులుతాయి. పాచిపట్టిన దుకాణానికి ఎవరొస్తారు? ఇంకొకటి, ఫాంటసీ అన్నదాన్ని పేరు కింద తెలుగులో ఏమని రాయాలి?

— జవాబు —

శకుని ఒక్కణ్ణే తలుచుకుంటే ఎలాగమ్మా? నలుడు లేడూ? ద్వాపరుడు పాచికల్లో దూరాడు, కలి నలుడిలోనే దూరాడు, రాజ్యం తమ్ముడు పుష్కరుడి పాలైంది. తర్వాత అయోధ్య రాజు ఋతుపర్ణుడి దగ్గర అక్షహృదయం, అంటే పాచికల మర్మం నేర్చుకున్నాకే కలి బయటికొచ్చి తాండ్రచెట్టులో దూరాడు. తాండ్రచెట్టే ఎందుకంటారా? పూర్వం ఆ కాయలతోనే జూదం ఆడేవాళ్ళు.

అసలు సంగతి వినండి. కృత, త్రేత, ద్వాపర, కలి అనేవి పందెం పేర్లు కూడా. కాయల్ని నాలుగేసి చొప్పున లెక్కపెడితే ఏమీ మిగలకపోతే కృతం. మూడు మిగిలితే త్రేత, రెండైతే ద్వాపరం, ఒక్కటే మిగిలితే కలి. కలి పడ్డవాడు ఓడినట్టే. మీ ఆటల్లో ఇరవై ముఖాల పాచిక వేసి ఒకటి పడితే తల పట్టుకుంటారని మా మనవడు చెప్పాడు. దానికి మనవాళ్ళు ఎప్పుడో పేరు పెట్టేశారు చూడండి, ‘కలి పడింది’!

— జవాబు —

మాస్టారూ, అక్షహృదయం ఎంత బాగుందో! అయితే దుకాణానికి ‘అక్షం’ అని పెడితే జనానికి లెక్కల పుస్తకంలో గీతే గుర్తొస్తుంది. నా ఓటు ‘గడి’కి. ఆటపలక మీద గడి, కొన్నిచోట్ల కోటలాంటి భవంతీ గడే. ఒక్క మాటలో ఆటా కోటా రెండూ వచ్చేశాయి.

— జవాబు —

ఆ గడి పేరు చెబితే కొందరికి దొరల పెత్తనం గుర్తొస్తుందండీ. కథల ఆటలకి ఆ బరువెందుకు? పైగా గడి అంటే చాలామందికి గడినుడే. ఇక ఫాంటసీ సంగతి. రాజకుమారి, మాయల మాంత్రికుడు ఉన్న సినిమాని మనం ‘జానపదం’ అనే అంటాం. కానీ బోర్డు మీద ‘జానపద ఆటలు’ అని రాస్తే కోలాటం నేర్పుతారనుకుంటారు. ‘మాయాలోకపు ఆటలు’ అనండి, చిన్నపిల్లలకి కూడా అర్థమవుతుంది.

— మళ్ళీ నేను —

‘మాయాలోకపు ఆటలు’ ఖాయం. ‘కలి పడింది’ అని చొక్కా మీద వేయిద్దామని ఆవిడ అప్పుడే మొదలుపెట్టారు. మాస్టారికి ఋణపడిపోయాం.

పాచి గొడవకి ఒక దారి దొరికింది. పేరు ఎక్కడా రెండు వరసలు కాకూడదని బ్రాండ్ నియమాల్లో మొదటి వాక్యంగా రాసేశాను. ఇరుకు చోట్లలో పేరే ఉండదు, గుర్తు ఒక్కటే. ఆ గుర్తు కోసం అందరూ గీసే షట్కోణంలో త్రిభుజం, అంటే ఇరవై ముఖాల పాచికని ఎదురుగా చూస్తే కనిపించే ఆకారం, నేను ముందే పక్కన పెట్టాను. దాని పక్కన ఒక డ్రాగన్ కూడా చేరితే ఏ దుకాణం ఏదో దేవుడికే తెలియాలి.

మన మూడు అక్షరాల తలలు చూడండి. ‘పా’కి దీర్ఘం, ‘చి’కి గుడి, ‘క’కి తలకట్టు. మూడూ మూడు రకాలు. గుడిని కాస్త పెద్దది చేసి లోపల ఒక్క చుక్క పెట్టాను, పాచిక మీద ఒకటి పడ్డట్టు. అది కలే అని మాస్టారి జవాబు చదివాకే తెలిసింది. అయినా తీయను! ఇంగ్లిష్‌లో ఇలాంటి దుకాణాలకి కత్తిమొనల అక్షరాలు వాడతారు. ఆ మొనలు తెలుగుకి తగిలించి చూస్తే దెయ్యాల సినిమా పోస్టర్‌లా వచ్చింది. అందుకే గుండ్రంగానే వదిలేసి, తలకట్టు చివర మాత్రం ఉలితో చెక్కినట్టు చేశాను.

— జవాబు —

బాగుందండీ. ఒక్క పరీక్ష మిగిలింది. పేరుకి విభక్తి తగిలించి పైకి అనిచూడండి. ‘సాయంత్రం పాచికలో కలుద్దాం’, ‘ఇది పాచికలో కొన్నాను’. నాకు రెండూ నోట్లో తేలిగ్గానే తిరిగాయి. ‘పాచికకి వెళ్దాం’ దగ్గర మాత్రం రెండు ‘క’లు వెంట వెంట వచ్చి నాలుక కాస్త తడబడింది.