పాత రైస్ మిల్లులో బాత్రూమ్, టైల్స్ అప్పడాల్లా లేచొస్తున్నాయి, ఇలాంటి చోట చేయించినవాళ్ళు చెప్పండి

మిల్లోళ్ళబ్బాయి:
తణుకు దగ్గర మా తాతగారి మిల్లండీ, మిషన్లు ఎప్పుడో అమ్మేశాం, పైన సిమెంటు రేకులు, కింద పాత గచ్చు, ఇప్పుడు అందులోనే ఇల్లు చేసుకుంటున్నాం. బాత్రూమ్ హాలు మధ్యలో, తవుడు పడే చోట పెట్టాం. మేస్త్రి పాత గచ్చు మీదే గమ్ము రాసి 2x2 టైల్స్ పరిచాడు. ఇరవై రోజులు కాలేదు, కొడితే డొల్ల చప్పుడు, మూడు చేత్తోనే వచ్చేశాయి. గమ్మంతా టైలుకే ఉంది, గచ్చుకి చుక్క అంటలేదు. కంపెనీ గమ్మే, బస్తా మీద డేటు కూడా చూశాను.

గచ్చుబాబాయ్:
తవుడు పడే చోటా? ఇంకేముంది బాబూ. తవుడులో వందకి పదిహేను ఇరవై వంతులు నూనే, అన్నేళ్ళు ఆ గచ్చు తాగుతూనే ఉంది. గ్లాసుడు నీళ్ళు పొయ్యి. ఇంకితే సరే, తామరాకు మీద చుక్కల్లా నిలబడితే దాని మీద ఏ గమ్మూ పట్టదు. ఇంకోటి, బాత్రూమ్ నేలకి 2x2 ఎవరు వేయమన్నారు? ట్రాప్, అంటే నీళ్ళు పోయే జాలీ, దాని వైపు నాలుగు పక్కల నుంచి వాటం రావాలంటే అడుగు టైలే, అదీ గరుకుది.

బాలానగర్ భాయ్:
మాది పాత లేత్ షెడ్డు అన్నా, వెనక రెండు బాత్రూమ్‌లు చేయించిన. నేలంత మిషనాయిల్. ఎవరో చెప్తే యాసిడ్ పోసి కడిగిన, ఏం ఫాయిదా లే, యాసిడ్‌తోని సిమెంటు పోతది గాని నూనె పోతదా. ఆఖరికి చిప్పింగ్ మిషన్ తెచ్చి ఇంచున్నర కొట్టిచ్చిన, తెల్లటి కాంక్రీట్ కనపడేదాక, అప్పుడు సిమెంటు పాలు పోసి కొత్త బెడ్ ఏసినం. అది ఆగింది గాని ఇంకో కథ అయ్యింది, మిషన్ కూసున్న దిమ్మె కదల్లేదు, పక్కన నింపిన మట్టి దిగింది, సరిగ్గా ఆ గీత మీదనే టైల్స్ నిలువునా పగిలినయ్. రెండోసారి ఆ గీత మీదికి టైల్ జాయింట్ వచ్చేటట్టు పెట్టి గ్రౌట్ బదులు సిలికాన్ కొట్టినం. ముందు నీ దిమ్మె ఏడుందో చూస్కో.

మాంచెస్టర్ నుంచి:
మేముండేది పాత కాటన్ మిల్లుని ఫ్లాట్లు చేసినదాంట్లో. ఇనప స్తంభాలు, ఇటుక ఆర్చీల నేల, కిందికి బెజ్జం కొట్టనివ్వరు. అందుకే షవర్ మెట్టు ఎత్తులో అరుగు మీద, పైపులన్నీ దాని కింద. మీరూ అరుగు కట్టేయొచ్చుగా?

రాజ్యలక్ష్మి:
అలాంటి మెట్టు దగ్గరే మా అత్తగారు రాత్రిపూట పడ్డారు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే అరుగు మాటెత్తకండి, లేదా గోడకి పట్టుకునే కడ్డీ పెట్టించండి, అదీ టైల్ మీద స్క్రూ కాదు, వెనక ఇటుకలోకి దిగాలి.

గచ్చుబాబాయ్:
అసలు మధ్యలో ఎందుకు? సెప్టిక్ ట్యాంకు ఎంత దూరం?

మిల్లోళ్ళబ్బాయి:
నలభై అడుగులండీ.

గచ్చుబాబాయ్:
నాలుగంగుళాల పైపుకి పది అడుగులకి మూడంగుళాల వాటం వేసుకో, నలభైకి అడుగు. రోడ్డు మీద రోడ్డు వేసి మీ మిల్లు నేలే పల్లమైపోయి ఉంటుంది, ఆ అడుగు ఎక్కణ్ణుంచి తెస్తావు? బయటి గోడకి జరుపు. మురుగు గ్యాసు పోయే పైపు కూడా గోడలోంచి బయటికి తీసి పైకి లేపొచ్చు, రేకులకి బెజ్జాలు కొట్టక్కర్లేదు, పాత రేకుల దుమ్ము మంచిది కాదు. పైపుల కోసం ఆ సున్నం గోడని చెక్కనివ్వకు, ఒక ఇటుక లాగితే నాలుగొస్తాయి. దాని ముందు నాలుగంగుళాల గోడ ఇంకోటి కట్టి అందులో దాచు. టైల్స్ వేసేముందు ట్రాప్ మూసి ఒకరోజంతా నీళ్ళు నిలబెట్టు, తేమ ఎక్కడ కొడుతుందో తెలిసిపోద్ది.

మిల్లోళ్ళబ్బాయి:
నిన్న నాన్నా నేనూ ఐదు చోట్ల నీళ్ళు పోశాం. తవుడు దగ్గర చుక్కలు చుక్కలుగా దొర్లాయి, నాన్న చీపురుపుల్లతో తోస్తే గోలీల్లా పోయాయి. ధాన్యం బస్తాలు పెట్టే తూర్పు గోడ దగ్గర మాత్రం రెండు నిమిషాల్లో ఇంకిపోయి మచ్చ మిగిలింది. అక్కడికే మార్చేస్తున్నాం, మెట్టు లేదు. ఒక్కటే చిక్కు, ఇప్పుడు పైపు గోడలోంచి పోవాలి కాబట్టి పీ ట్రాప్ కమోడ్ కావాలి, నేను కొన్నది నేలలోకి దిగేది, షాపువాడు మార్చనంటున్నాడు. ఎస్ ట్రాప్, తెల్లది, డబ్బా కూడా విప్పలేదు, చుట్టుపక్కల ఎవరికైనా కావాలాండీ?