బాగా వినేవాళ్ల చెవి ఎముకల కదలికతో ‘నార్మల్’ గీత గీయొచ్చా?

ఆడియాలజీ విద్యార్థిని: గీయాలి, పేషెంట్ల పరీక్షకు వాడాలి అంటాను. ఈ కదలికని లేజర్‌తో కొలిచే ఓ ల్యాబ్‌లో బాగా వినే మనిషిగా నేనే కూర్చున్నా. చెవి గొట్టంలో చిన్న స్పీకరు, మైకు. గాజు మూత గుండా లేజర్ చుక్కని కర్ణభేరి నడిమధ్య, కూటకం (కర్ణభేరికి అతుక్కున్న మొదటి చెవి ఎముక) పిడి కొస మీద పడేట్టు సర్దారు. గుటక వేస్తే చాలు, చుక్క పక్కకి జరిగేది. 80 డెసిబెల్స్ శబ్దానికి ఆ కొస కదిలేది కొన్ని నానోమీటర్లే, వెంట్రుక మందంలో ఏ పదివేలో వంతో! పాతతరం చెవి పరిశోధకుడు బెకెషీ ఇలాంటివి శవాల చెవుల్లో కొలవాల్సి వచ్చింది. ఇప్పుడు బతికున్న మనిషిలో, కోత లేకుండా చూస్తున్నాం.

ఈఎన్‌టీ డాక్టర్: అమ్మా, ఆ లేజర్‌కి కనిపించేది కూటకమే. ఒటోస్క్లిరోసిస్ అనే చెవి ఎముక జబ్బులో బిగుసుకుపోయేది అంకవన్నె, అంటే లోపలి చెవికి ఆనుకున్న చివరి ఎముక. మధ్యలో రెండో ఎముక దాగలి, కీళ్లు ఉన్నాయి. ఆ కీళ్లలో కాస్త వదులుంటుంది కాబట్టి అంకవన్నె బిగిసినా కూటకం కొస వేగం కొంచెమే తగ్గుతుంది. బాగా వినేవాళ్లలోనే మనిషికీ మనిషికీ రెట్లలో తేడా ఉన్నప్పుడు ఆ కొంచెం ఎక్కడ కనిపిస్తుంది? దీన్ని నమ్మి ఆపరేషన్‌కి రాయలేను.

విద్యార్థిని: ఆ ఒక్క అంకెనే నమ్మమనడం లేదు డాక్టర్ గారూ. కర్ణభేరి బాగుండి, ఆడియోగ్రామ్‌లో (వినికిడి పరీక్ష గీతలో) ఎయిర్-బోన్ గ్యాప్, అంటే ఎముక గుండా కన్నా గాలి గుండా తక్కువ వినపడడం, ఉన్నవాళ్ల సంగతి చెబుతున్నా. ఎముకల గొలుసు ఊడితే వేగం బాగా పెరుగుతుంది, కూటకం బిగిస్తే బాగా పడిపోతుంది. లోపలి చెవిలో పై అర్ధవృత్తాకార కుల్య (ఒంటి తూకం చూసే వంపు గొట్టం) మీది ఎముకకి చిల్లు పడితే మామూలు కన్నా కాస్త ఎక్కువ. ఈ చిల్లు జబ్బుని 1998లో లాయిడ్ మైనర్ బృందం బయటపెట్టింది. దాన్నే ఒటోస్క్లిరోసిస్ అనుకుని ఆపరేషన్ చేస్తే గ్యాప్ అలాగే మిగిలిపోయిన వాళ్లున్నారు. ఆడియోగ్రామ్‌తో కలిపి చూస్తే ఈ జబ్బుల్ని వేరు చేయొచ్చని బోస్టన్ పరిశోధకులు 2008లో చూపించారు.

క్లినిక్ ఆడియాలజిస్ట్: దానికి లేజర్ ఎందుకండీ? స్టెపీడియల్ రిఫ్లెక్స్, అంటే పెద్ద శబ్దానికి చెవిలోని చిన్న కండరం అంకవన్నెని లాగడం, చూడండి. కుల్య చిల్లయితే వస్తుంది, ముదిరిన ఒటోస్క్లిరోసిస్‌లో రాదు. కర్ణభేరి బిగువు చూసే మన ఇంపీడెన్స్ మిషన్ మీద ఐదు నిమిషాల పని. అనుమానముంటే సీటీ.

విద్యార్థిని: చిల్లు విషయంలో మీ మాటే సరైంది. కానీ కూటకం బిగిసినా రిఫ్లెక్స్ రాదు, అంకవన్నె బిగిసినా రాదు. ఏది బిగిసిందో చెవి తెరిచాకే తెలుస్తోంది. కూటకం బిగిసిన చెవిలో అంకవన్నె ఒక్కటి మారిస్తే పేషెంట్‌కి ఒరిగేదేమీ లేదు. నేను లేజర్ అడుగుతున్నది ఆ చెవుల కోసం.

డాక్టర్: ఆ ఒక్క చోట నీతో ఏకీభవిస్తా. అయితే కొలతలు మనవాళ్ల చెవుల్లో కూడా తీసి చూపించాలి.