బట్‌కి ముందా, తర్వాతా? కామా ఎక్కడ పెట్టాలి

గోదారిగట్టు (వైట్‌ఫీల్డ్):
మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి నిన్న క్లయింట్‌కి మెయిల్ రాసింది. 'ది బిల్డ్ ఈజ్ రెడీ బట్, టెస్టింగ్ ఈజ్ పెండింగ్' అని. మేనేజర్ ఆ కామాని బట్‌కి ముందుకి జరిపి, 'బేసిక్ గ్రామర్ చూసుకోండి' అని టీమ్ అందరికీ రిప్లై పెట్టాడు. పాపం, ఆ పిల్ల లంచ్‌కి కూడా రాలేదు. అండ్, బట్, సో వచ్చినప్పుడు కామా అసలు ఎక్కడ పెట్టాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

టీచరమ్మ_జయనగర్:
మేనేజర్ జరిపిన చోటే కరెక్టు. బట్‌కి అటూ ఇటూ రెండు పూర్తి వాక్యాలున్నాయి. దేని కర్త దానికుంది, దేని క్రియ దానికుంది. అలాంటప్పుడు కలిపే మాటకి ముందు కామా. అదే 'షి షట్ ది లాప్‌టాప్ అండ్ వెంట్ హోమ్' అంటే? వెంట్‌కి విడిగా కర్త లేదు, రెండు పనులూ ఆవిడే చేసింది. కామా అక్కర్లేదు. వాక్యాలు మరీ పొట్టివైతే, 'హి కేమ్ అండ్ షి లెఫ్ట్' లాగా, కామా లేకుండా రాసినా ఎవరూ తప్పుపట్టరు. బట్ తర్వాత మాత్రం, మధ్యలో వేరే మాటేదైనా ఇరికిస్తే తప్ప, కామా రాదు.

నెల్లూరోడు:
ఊపిరి తీసుకునే చోట కామా పెట్టమని మా సార్ చెప్పేవారు.

టీచరమ్మ_జయనగర్:
ఊపిరి మనిషికో రకం. కర్త ఉందో లేదో ఎవరు చూసినా ఒకటే.

రాగిసంగటి:
అంత ఖాయంగా చెప్తారేంటి మేడమ్? అమెరికాలో మేన్ రాష్ట్రంలో ఒక్క కామా మీద కోర్టుకెళ్లారు. ఓవర్‌టైమ్ ఇవ్వక్కర్లేని పనుల లిస్టు అక్కడి చట్టంలో ఉంది. లిస్టు చివర 'ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్' అని రాశారు, ఆర్‌కి ముందు కామా లేదు. కామా ఉంటే డిస్ట్రిబ్యూషన్, అంటే సరుకు చేరవేయడం, లిస్టులో విడి పని అయ్యేది. ఓక్‌హర్స్ట్ డెయిరీ డ్రైవర్లు 'అక్కడ ఉన్నది ప్యాకింగ్, మేం ప్యాక్ చెయ్యం, సరుకు చేరవేస్తాం' అని వాదించారు. రెండు రకాలుగా చదవొచ్చు కాబట్టి 2017లో అప్పీల్ కోర్టు డ్రైవర్ల పక్షానే తీర్పిచ్చింది. 2018లో 50 లక్షల డాలర్లకి రాజీ కుదిరింది. చట్టం రాసేవాళ్లే తడబడ్డ చోట ఫ్రెషర్‌ని నలుగురిలో అంటారా?

టీచరమ్మ_జయనగర్:
అది లిస్టులో చివరి కామా, ఆక్స్‌ఫర్డ్ కామా అంటారు. దానిమీద నిజంగానే రెండు పద్ధతులున్నాయి. అసోసియేటెడ్ ప్రెస్ వాళ్లు మామూలు లిస్టుల్లో పెట్టరు, ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ వాళ్లు పెడతారు. ఇక్కడ అడిగింది రెండు వాక్యాల్ని కలపడం గురించి.

రాగిసంగటి:
ఆర్ కలిపే మాట కాదా?

టీచరమ్మ_జయనగర్:
కలిపే మాటే. దేన్ని కలుపుతోందన్నదే తేడా. చదవకుండా వాదిస్తే నేనేం చెప్పను?

బొమ్మనహళ్లి బ్యాచ్:
ఇద్దరూ కాస్త తగ్గండి.

రాగిసంగటి:
తగ్గను. 2019లో నేను పదకొండు పేజీల డిజైన్ డాక్యుమెంట్ రాశాను, మూడు వారాలు కూర్చుని. మా లీడ్ ప్రింట్ తీసి కామాలన్నిటికీ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి, మీటింగ్‌లో అందరి ముందూ టేబుల్ మీద పెట్టాడు. కామాలు లెక్కపెట్టాడు కానీ, డిజైన్ చదవలేదు. అప్రైజల్‌లో కమ్యూనికేషన్ వీక్ అని రేటింగ్ తగ్గించాడు. ఆ కాయితాలు ఇప్పటికీ నా డ్రాయర్‌లో ఉన్నాయి.

నెల్లూరోడు:
అన్నా, 'లెక్కపెట్టాడు కానీ, డిజైన్ చదవలేదు' అని ఇప్పుడే రాశావు చూడు. కామా కానీ తర్వాత పెట్టావు. ఆ అమ్మాయి పెట్టిందీ అక్కడే.

టీచరమ్మ_జయనగర్:
ఇది నాకు తట్టలేదు. మనం కానీని ముందు వాక్యానికి అంటించి పలుకుతాం, ఆ తర్వాత ఆగుతాం. ఇంగ్లీషువాళ్లు బట్‌ని తర్వాతి వాక్యంతో కలిపి పలుకుతారు. ఇక అండ్‌కి మనకి విడిమాటే అక్కర్లేదు, 'అమ్మా నాన్నా వచ్చారు' అని దీర్ఘం తీస్తే చాలు. ఇరవై ఏళ్లుగా పేపర్లు దిద్దుతున్నాను. బట్ పక్కన కామా కనిపిస్తే కొట్టేయడమే తప్ప, ఎందుకలా రాశావని ఒక్క పిల్లని కూడా అడగలేదు. అయినా ఇంగ్లీషు మెయిల్‌లో కామా ముందే ఉండాలి. అందులో నా మాట మారదు.

రాగిసంగటి:
ముందే పెట్టించండి, వద్దనను. కానీ ఆ మాట ఆ అమ్మాయి సీటు దగ్గరికెళ్లి చెప్పాలి. అందరికీ రిప్లై పెట్టి కాదు. నేను మొదట్నుంచీ అంటున్నది ఇదే.

గోదారిగట్టు (వైట్‌ఫీల్డ్):
ఆ అమ్మాయిది నర్సీపట్నం దగ్గర ఊరు. సోమవారం టీకి పిలిచి ఈ కానీ సంగతి చెప్తాను.